ఆరంభశూరత్వమును దేహభారమును

ఆంధ్రు లారంభశూరులను నపవాదు చిరకాలమునుండి యున్నది. రాజకీయములలోను, సంఘకార్యములలోను ఇది యెంతవరకు నిజమో తేల్చుట కిది సందర్భము కాదు. కాని యొక్క విషయమున మాత్ర మీ యపవాదును త్రోసిపుచ్చుటకు మాకు సాక్ష్యము దొరకుట లేదు. అది దేహభారమును తగ్గించుకొను విషయము. జనవరి మొదటి వారమునను, ఉగాది మరునాడును, వైద్యుడు రక్తపరీక్ష కాగితమును చేతికిచ్చిన సాయంకాలమునను మన పట్టణములలో నెందరో పెద్దమనుష్యులు గట్టి నిశ్చయము చేసికొందురు. తెల్లవారుజామున లేచి, క్రొత్తబూట్లు తొడిగి, మైదానముచుట్టు పరుగులు పెట్టుదురు. రాత్రి భోజనము మానుదురు. ఇక నన్నము ముట్టమని యింటిల్లిపాదియు వినునట్లు శపథము చేయుదురు. మూడువారములు తిరుగునప్పటికి మైదానమున పాతకాపులే మిగులుదురు. బూట్లు అటుక యెక్కును.

దీనికి మనవారు తమలో తాము చెప్పుకొను కారణము మనోబలము లేకపోవుట. మేము దీని నంగీకరింపజాలము. ఇరువదియేండ్లు సంసారమును లాగి, బిడ్డలను చదివించి, అప్పులు తీర్చి, అంగడిని మూతపడకుండ నడపుకొన్న వర్తకునకు మనోబలము లేదనుట యెట్లు? పదియేండ్లు వాయిదాలకు తిరిగి దావా గెలిచిన కక్షిదారునకు పట్టుదల లేదని యెవ్వ రనగలరు? లోపము మనుష్యునిలో లేదు. అతడు చేసిన శపథములో నున్నది. నిత్యజీవితమున నిముడని శపథము చుట్టపుచూపుగ వచ్చిన యతిథివంటిది. మూడుదినములు మర్యాద జరుగును. పిదప నెప్పుడు వెడలునా యని యింటివారెల్ల నెదురుచూతురు.

ఇట్టి విషయమును సంపాదకీయ స్తంభములలో చర్చింపనేల యని కొందరడుగవచ్చును. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణమును చూచినవా రట్లడుగరు. దేశము మొత్తముమీద స్త్రీలలో నూటికి 24 గురు, పురుషులలో నూటికి 23 గురు ఉండవలసిన దానికంటె నధికభారము కలవారు. ఆంధ్రప్రదేశమున స్త్రీలలో నీ సంఖ్య నూటికి 36. తెలంగాణమున స్త్రీలు నూటికి 30, పురుషులు 32. అనగా ఈ లెక్కలో తెలుగువారము దేశముకంటె ముందున్నాము! ఈ గణనకు కొలత యేమనగా, అయిదడుగుల అయిదంగుళముల మనిషి 68 కిలోలు తూగినచో నధికభారము కలవాడని. మన దేశీయుల శరీరములలో నింతకంటె తక్కువ బరువునకే మధుమేహాదులు పొడసూపుచున్న వని వైద్యులు గుర్తించి, మనకు 63 కిలోలవద్దనే జాగ్రత్తపడు డని హెచ్చరించుచున్నారు. 2023లో భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలనమునుబట్టి దేశమున 10 కోట్ల పైచిలుకు జనులకు మధుమేహమును, 13 కోట్లకు పైబడి దాని పూర్వావస్థయు నున్నట్లు తేలినది. ఒక యింటి సంపాదనపరుడు నలువదియైదవయేట మంచమెక్కినచో చదువు లాగిపోవునది బిడ్డలకు, అమ్ముడుపోవునది పొలము. ఇది యొక్కరి దేహసౌందర్యమునకు సంబంధించిన చర్చ కాదు.

ఆకలితో మాడువా రున్న దేశమున బరువు తగ్గుట గూర్చి వ్రాయుట కలవారి ముచ్చట యనువారును కలరు. వారికి మా సమాధాన మిది: ఆ సర్వేక్షణములోనే ఆంధ్రప్రదేశపు స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత యున్నట్లును చెప్పబడినది. ముప్పదియారుమంది భారమైన శరీరము కలవారు, ఏబదితొమ్మండుగురు రక్తము చాలనివారు! ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. లావు వేరు, పుష్టి వేరు. పొట్ట నిండుచున్నది గాని శరీరమునకు కావలసినది చేరుట లేదు. చిక్కిన బిడ్డయు, ఒడలు వచ్చిన తల్లియు నొకే పంక్తిని గూర్చుండి యొకే యన్నము తినుచున్న యిండ్లు మన వీథులలో నెన్నియైన గలవు.

ఈ సంగతి మనకు క్రొత్త కాదు. నూరేండ్ల క్రిందట ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి ప్రబలియుండెను. యంత్రములలో తెల్లగ పాలిషుపట్టిన బియ్యమే ప్రధానాహారమైనప్పుడు ఈ వ్యాధి కలుగునని పరిశోధకులు తేల్చిరి. ఆ వ్యాధి విచారణకై 1918లో కూనూరులో రాబర్టు మెకారిసన్ నెలకొల్పిన చిన్న శాఖయే పెరిగి పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థయైనది. బెరిబెరి పోయినది. తెల్లబియ్యము మాత్రము పోలేదు. 2025లో ప్రకటింపబడిన వైద్య పరిశోధన మండలివారి మరియొక పరిశీలనమున మన దేశీయులు తిను నాహారశక్తిలో నూటికి 62 పాళ్లు పిండిపదార్థములనుండియే వచ్చుచున్నట్లు తేలినది. అన్నము మాని గోధుమరొట్టెలు తిన్నంతమాత్రమున చాలదనియు, ఆ పిండిలో కొంత తగ్గించి ఆ స్థానమున పప్పు, పెరుగువంటి మాంసకృత్తులు గల పదార్థములను చేర్చినప్పుడే ప్రయోజన మనియు వారి యభిప్రాయము. అన్నము మానుమని వారనలేదు, మేమును అనము. అన్నము మానిన తెలుగువా డెన్నాళ్లు మానగలడో యెరుగుదుము. ఒక గరిటె యన్నము తగ్గించి యొక గరిటె పప్పు హెచ్చించుట శపథము కాదు. కంచము నిండుగనే యుండును.

ఇంత చిన్నమార్పున నేమగును? లెక్క వేసి చూతము. దినమునకు నాలుగుమారులు కాఫీ త్రాగుచు, మారునకు రెండుచెంచాల పంచదార వేసికొను గుమాస్తా యొకడున్నాడనుకొందము. చెంచాకు నాలుగు గ్రాములైనచో దినమునకు 32 గ్రాములు. ఇంచుమించు 128 కాలరీలు. అతడు కాఫీ మానవలదు. ఒక్కొక్క చెంచా తగ్గించినచో 64 కాలరీలు తగ్గును. అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలలోని కెవిన్ హాల్ మున్నగువారు 2011లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన గణితమునుబట్టి, దినమునకు 24 కాలరీలు శాశ్వతముగ తగ్గించినచో కాలక్రమమున కిలోబరువు తగ్గును. అందు సగము మొదటి సంవత్సరములోను, దాదాపు తక్కిన దంతయు మూడేండ్లలోను తగ్గును. ఇతరము లన్నియు నెప్పటివలె నున్నచో మన గుమాస్తా యొక్క చెంచావలన రెండున్నర కిలోలపైన బరువు దిగును. నూనె సంగతి యింతకంటె గట్టిది. నలుగురున్న యింటికి నెలకు నాలుగులీటర్ల నూనె వచ్చుచున్నచో తలకు దినమునకు 30 గ్రాములు పడుచున్నది. కిరాణాకొట్టు చీటీలో నాలుగునకు బదులు మూడున్నర వ్రాసినచో నొక్కొక్కరికి ముప్పది కాలరీలకు పైన తగ్గును. పొయ్యివద్ద నిలుచున్నప్పుడు నూనెగిన్నెను తూచు నోపిక యే యిల్లాలికిని ఉండదు. నెలకొకమారు చీటీ వ్రాయునప్పు డుండును. నిగ్రహమును ప్రతిదినము ఖర్చుపెట్టుటకంటె నెలకొకమారు ఖర్చుపెట్టుట చౌక.

మూడేండ్లను మాట విని చదువరులు నిట్టూర్తురేమో! మూడేండ్లలో తీరని దావాలు మన న్యాయస్థానములలో నెన్నియున్నవో లెక్కింపనక్కరలేదు. ఈ యొడలికి భార మేర్పడుటకు పదునైదేండ్లు పట్టినది. మూడేండ్లలో దిగివచ్చుట త్వరిత న్యాయమే.

అలవాటు కుదురుటకు పట్టు కాలమునుగూర్చి యిరువదియొక్క దినములను మాట లోకమున వ్యాపించియున్నది. దానికి ఆధారము లేదు. లండను విశ్వవిద్యాలయ కళాశాలలో ఫిలిప్పా లాలీ మున్నగువారు 96 మందిని పరిశీలించి 2009లో ప్రకటించినదానినిబట్టి, ఒక క్రొత్త పని తనంతట జరిగిపోవు నలవాటగుటకు మధ్యరకముగ 66 దినములు పట్టినది. కొందరికి 18 దినములే చాలినవి. కొందరికి 254 దినములు కావలసివచ్చునని లెక్కకు వచ్చినది. ఆ పరిశీలనలోనే మరియొక సంగతి తేలినది. మధ్య నొక్కదినము తప్పినంతమాత్రమున నలవాటు చెడలేదు. మా దృష్టిలో సంఖ్యలన్నింటికంటె నిది విలువైన మాట. మనవారు ఒక పెండ్లిభోజనముతో వ్రతభంగమైనదని తలచి మరునాటినుండి యంతయు విడిచిపెట్టుదురు. ఒక వాయిదాకు హాజరు కాకపోయిన మాత్రమున దావా వదలుకొనువా డెవ్వడు? మరునా డర్జీ పెట్టుకొని మరల నడిపించుకొనును.

అలవాటు నిలుచుటకు మొదటి యుపాయము దానిని పాత యలవాటునకు ముడిపెట్టుట. ఆరుగంటలకు లేచి నడచెద ననుట కంటె, రాత్రి కంచము కడిగిన వెంటనే వీథి చివరివరకు పోయి వచ్చెద ననుట మేలు. కంచము కడుగుట యెట్లును మానము గదా! భోజనానంతరము నూరడుగులు వేయవలెనని పెద్దలు చెప్పుట మన మెల్లర మెరిగినదే. న్యూజీలండులో మధుమేహరోగులపై జరిగి 2016లో వెలువడిన పరీక్షలో, దినమున కొక్కమా రరగంట నడచుట కంటె ప్రతి భోజనము పిమ్మట పదినిమిషములు నడచుటవలన రక్తములోని చక్కెర యెక్కువ తగ్గినది. రాత్రి భోజనము పిమ్మటి నడకవలన నీ మేలు మరియు స్పష్టముగ కనబడినది. దినమునకు పదివేల యడుగు లను సంఖ్య యే వైద్యుడు విధించినదియు కాదు. 1964 టోక్యో క్రీడోత్సవముల పిమ్మట జపానులో నొక కంపెనీ యడుగులు లెక్కించు యంత్రమున కా పేరు పెట్టి యమ్మినది. 2025లో పూర్వపరిశోధనల నన్నింటిని సమీకరించి చూచినవారు ఏడువేల యడుగులకే ప్రయోజనములో చాలభాగము లభించునని చెప్పిరి. రెండువేలు నడచువాడు నాలుగువేలు నడచినను లాభమే. పదివేలు కాలేదని మంచముపై గూర్చుండుట తెలివితక్కువ.

మా వృత్తివారి సంగతియు కొంత చెప్పవలసియున్నది. ఉదయము కక్షిదారులతో గూర్చుండుట, పగలు కోర్టులో గూర్చుండుట, సాయంకాలము కాగితములముందు గూర్చుండుట. మధ్య మధ్య కాంటీనులో మిరపకాయ బజ్జీలు. కట్టలు మోయుట జూనియరు పని, మెట్లెక్కుట గుమాస్తా పని! వర్తకుని గద్దె, ఉపాధ్యాయుని కుర్చీ, నేటి యువకుల కంప్యూటరు బల్ల దీనికి తీసిపోవు. టెలిఫోనులో మాటలాడునప్పుడు లేచి పచారు చేయుట, రెండంతస్తుల వరకు లిఫ్టు నెక్కకుండుట, బజ్జీలు నాలుగింటిని ఇద్దరు పంచుకొనుట అను నల్పకార్యములకు శపథ మక్కరలేదు, ఖర్చు లేదు, మూడవవాడు చూచి నవ్వవలసిన పనియు లేదు.

ఇంతకంటె కఠినమైనది మర్యాదల సంగతి. మన యిండ్లలో వడ్డనమే ప్రేమకు భాష. చాలునన్నవానికి ఇంకొక గరిటె వేయుట ఆతిథ్యము. ఆ గరిటెను వలదనుట అమర్యాద. నాలుగుకిలోలు తగ్గినవానిని చూచి మేనత్త చిక్కిపోయితివి నాయనా యని కంటతడి పెట్టును. ఒడలు చేసినవానిని చూచి కలిసివచ్చినది కాబోలు నందురు. ఈ మాటలు పోగొట్టుట యొక దినమున నగునది కాదు. ఇంటి యజమానురాలు గిన్నెలను పంక్తి నడుమ నుంచి యెవరికి వారు వడ్డించుకొను డన్నచో సగము చిక్కు తీరును. అట్లే, బిడ్డ విడిచిన ముద్దను, గిన్నెలో మిగిలిన పిడికెడన్నమును పారవేయ మనసొప్పక తానే తిను తల్లుల సంగతియు నాలోచింపవలెను. మిగులని కొలతకు వండుట మంచిది; మిగిలినచో తల్లి కడుపే కుండ కానక్కరలేదు. ఆమెకు నడచుట కరగంట కావలెనన్నచో ఆ యరగంట పొయ్యియు, పిల్లలును ఎవరు చూతురు? మగవారు చూడవలెను. స్త్రీల సంఖ్య నూటికి ముప్పదియారైనదని విచారించు పురుషులు ముందుగా దీనికి సిద్ధపడుదురుగాక.

కొన్నియేండ్ల క్రిందట కొబ్బరినూనె త్రాగి యన్నము మాను పథ్యము తెలుగునాట నూరూర వ్యాపించినది. ఆనాటి యుత్సాహవంతులలో నేటికిని దానిని పాటించువా రెందరో చదువరులే తమ చుట్టుప్రక్కల విచారింపవచ్చును. 2025లో బరువు తగ్గించు వారపు ఇంజెక్షనులు మన దేశపు మందులంగళ్లకు వచ్చినవి. అవి నిజముగనే పనిచేయును. అవసరమైనవారికి వైద్యుని చేతిమీదుగ నవి గొప్ప యుపకారము. కాని వానిలో సెమాగ్లుటైడను మందును ఆపినవారికి, తగ్గిన బరువులో మూడింట రెండుపాళ్లు సంవత్సరములోగా తిరిగివచ్చినట్లు 2022లో ప్రకటింపబడినది. మందు వాడువారికైనను వంటిల్లును, వీథియు మారకతప్పదు.

ఉత్సాహము చల్లారుటకు త్రాసు కూడ కారణము. మొదటి నెలలో ముల్లు త్వరగ దిగును. అందు కొంత నీరే. పిదప నిలిచిపోవును. శరీరము తేలికపడినకొలది దానికి కావలసిన యాహారమును తగ్గును గనుక ఇది సహజము. ఇక్కడనే మనవారు నిరాశపడుదురు. వారు చెన్నపట్టణపు వృత్తాంత మెరుగవలెను. డాక్టరు ఎ. రామచంద్రన్ మున్నగువారు మధుమేహ పూర్వావస్థలోనున్న 531 మంది మనవారిని పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించిరి. ప్రత్యేకమైన సలహా నీయని వర్గమున మూడేండ్లలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చినది. నడకయు, మితాహారమును అలవరచుకొన్న వర్గమున 39 మందికే వచ్చినది. విశేష మేమనగా, ఈ రెండవ వర్గమువారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు! త్రాసు కదలలేదు, రోగము మాత్రము వెనుకకు జరిగినది. అమెరికాలో 3,234 మందిపై జరిగి 2002లో వెలువడిన పరీక్షలో బరువులో నూటికి ఏడుపాళ్లు తగ్గుటయే గమ్యముగ పెట్టుకొన్నవారికి, అనగా 80 కిలోల మనిషి అయిదారు కిలోలు తగ్గుటకు ప్రయత్నించినచో, మధుమేహ ప్రమాదము 58 పాళ్లు తగ్గినది. సన్నని నటుని పటమును గోడకు తగిలించుకొనువారి కీ గమ్యము చిన్నదిగ తోచును. ప్రాణరక్షణకు మాత్ర మది చాల పెద్దది.

ఇంతవరకు వ్యక్తుల కర్తవ్యమునే చెప్పితిమి. నడువుమని చెప్పుట సులభమే, ఎచ్చట నడువవలెను? మన పట్టణములలో కాలిబాట యున్నచోట దానిపై మురుగుకాలువ బండ, విద్యుత్తు పెట్టె, మోటారుసైకిళ్లు, అంగడి సామాను, లేనిచోట లారీలు. ఉన్న యొక్క తోటకు తాళము. చీకటిపడిన పిదప దీపములు లేని వీథిలో స్త్రీ యెట్లు నడచును? 2025 మే నెలలో అత్యున్నత న్యాయస్థానము ఒక వ్యాజ్యమున పాదచారులు కాలిబాటను వాడుకొను హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కున చేరినదే యని స్పష్టపరచినది. న్యాయవాదులముగా మే మీ యుత్తరువును పురపాలక సంఘ సభ్యులకు జ్ఞాపకము చేయుచున్నాము. కాలిబాట ఖాళీ చేయించుట, తోట తలుపులు రాత్రి తొమ్మిదివరకు తెరచియుంచుట, దీపములు వేయించుట క్రొత్త నిధు లక్కరలేని పనులు. ఓట్లకు వచ్చిన యభ్యర్థిని పౌరులు మొట్టమొదట నడుగదగిన ప్రశ్నలును ఇవియే.

అంతవరకు పఠనమందిరములవారు చేయదగిన దొకటి యున్నది. పత్రికల బల్ల ప్రక్క నొక త్రాసును, గోడకొక కొలత నాడాను ఉంచవచ్చును. పురుషునకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 దాటకూడదని మన వైద్యులు చెప్పుచున్నారు. వారమున కొకదినము, ఆదివారమని పెట్టుకొనుడు, వచ్చినవారు తమ కొలతను తామే చూచుకొని, తమ జేబుపుస్తకములో వ్రాసికొని, పత్రిక చదువుకొని పోవచ్చును. ఇతరుల సంఖ్య నడుగరాదు, చెప్పరాదు. సభలలో కాఫీ యిచ్చునపుడు పంచదారను కలుపక వేరుగ గిన్నెలో పెట్టించినచో నింకను మంచిది. వలసినవారు వలసినంత వేసికొందురు.